చెవి వెనక సన్నని కరెంటు

(తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఫిజియాలజీ అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

తల తిరుగుడును కరెంటుతో తగ్గిస్తారట కదా, దాని గురించి మాట్లాడండి అని మీ కార్యదర్శిగారు అడిగారు. ఆయన ఫోనులో ఒక వీడియో చూశారు. చెవుల వెనక రెండు బిళ్ళలు అంటించుకున్న పెద్దావిడ ఒకామె చేతికర్ర పక్కన పెట్టేసి వరండాలో చకచకా నడుస్తూ ఉంటుంది. కింద యంత్రం ధర, ఆర్డరు చేయడానికి నంబరు. అందులో శాస్త్రం ఎంత, అమ్మకం ఎంత అన్నది విడదీసి చెప్పడమే ఈ సాయంత్రం నా పని.

ముందే తేల్చి చెబుతాను. ఈ హాల్లో తల తిరుగుడు ఉన్నవారిలో ఎక్కువమందికి కరెంటుతో పనిలేదు. చాలామందికి పని తెలిసిన డాక్టరు చేతులు, ఒక మంచం, పావుగంట సమయం చాలు. ఇంకొందరికి గోడ మీది క్యాలెండరు చాలు. అదెలాగో తర్వాత చెబుతాను. రెండు చెవుల్లోనూ నిలకడ వ్యవస్థ బలహీనపడిన కొద్దిమందికి మాత్రం సన్నని కరెంటు ఆసరా కావచ్చునని పరిశోధకులు ఆశ పెట్టుకున్నారు. ఆ ఆశకు ఆధారం ఉంది. వారికే ఎందుకు, మిగతావారికి ఎందుకు కాదు అన్నది తెలియాలంటే చెవి లోపలికి వెళ్ళాలి.

మీ చేతుల్లో ఆహ్వాన పత్రిక ఉంది కదా. దాన్ని కళ్ళకు ఎదురుగా కదలకుండా పట్టుకుని, తలను కుడికీ ఎడమకూ వేగంగా తిప్పుతూ చదవండి. మెడ నొప్పి ఉన్నవారు వద్దు, పక్కవారిని చూడండి చాలు. చదవగలుగుతున్నారు కదా? ఇప్పుడు తల కదపకుండా పత్రికను అదే వేగంతో అటూ ఇటూ ఊపండి. అక్షరాలు అలుక్కుపోయాయి. రెండుసార్లూ కదలిక అంతే. కానీ తల కదిలినప్పుడు లోపలి చెవి ఆ సంగతి కళ్ళకు చేరవేసింది. కళ్ళు తలకు ఎదురు దిక్కున అంతే వేగంతో తిరిగాయి. ఇదంతా జరగడానికి పట్టేది సెకనులో దాదాపు వందో వంతు. చూసి, పోల్చుకుని, అప్పుడు కళ్ళు తిప్పాలంటే అంతకు ఎన్నో రెట్ల సమయం కావాలి. అందుకే ఊగే పత్రిక మనకు అందలేదు.

ఆ పని చేసేవి అర్ధవర్తుల కుల్యలు. మన పిల్లలు హైస్కూల్లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయే మూడు వంపు గొట్టాలు. ఒక్కో చెవిలో మూడు, మూడు దిక్కులకు. లోపల ద్రవం ఉంటుంది. తల తిరిగితే ద్రవం వెనకబడుతుంది, అక్కడి సన్నని రోమకణాలు వంగుతాయి, నాడి పలుకుతుంది, అంటే మెదడుకు సంకేతం పంపుతుంది. వాటి పక్కనే యుట్రిక్యులస్, శాక్యులస్ అనే రెండు సంచులు. వాటిలో కాల్షియం కార్బొనేట్ రేణువులు, అంటే సున్నపు పలుకులు, జిగురు పొర మీద పరుచుకుని ఉంటాయి. తల వాలినా, బస్సు కదిలినా, లిఫ్టు పైకి లేచినా కనిపెట్టేవి అవి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి, మిగతా ప్రసంగమంతా దాని మీదే నిలబడుతుంది. ఈ నాడి మనం కదలకుండా కూర్చున్నప్పుడు కూడా ఊరుకోదు. కోతుల మీద కొలిచిన లెక్క ప్రకారం ఒక్కో నాడీ తంతువు సెకనుకు సుమారు 90 సార్లు పలుకుతూనే ఉంటుంది. తల కుడికి తిప్పితే కుడి చెవి నాడి జోరు పెరుగుతుంది, ఎడమ చెవి నాడి జోరు తగ్గుతుంది. మెదడు చూసుకునేది ఈ రెండింటి తేడా. తేడా లేకపోతే తల నిలకడగా ఉన్నట్టు లెక్క.

ఒక చెవి నాడి వైరస్ సోకి ఒక్కసారిగా మూగబోయిందనుకోండి. మంచం మీద కదలకుండా పడుకున్నా రెండో చెవి పలుకుతూనే ఉంటుంది కాబట్టి మెదడుకు పెద్ద తేడా కనిపిస్తుంది. ఇల్లంతా గిర్రున తిరుగుతుంది, వాంతులు. రోగి ప్రాణం పోతోందనుకుంటాడు. కొన్ని రోజులకు తిరుగుడు తగ్గుతుంది, కొన్ని వారాలకు మనిషి లేచి తిరుగుతాడు. చెవి బాగుపడకపోయినా సరే, మెదడు కొత్త లెక్కకు అలవాటు పడుతుంది. రెండు చెవులూ నెమ్మదిగా దెబ్బతిన్నవారి బాధ వేరు. వారికి తేడా లేదు కాబట్టి గిర్రున తిరగడం ఉండదు. చీకట్లో నడవలేరు. స్నానం చేస్తూ ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకుంటే గోడ పట్టుకోవాలి. నడుస్తూ చూస్తే ఎదురుగా వచ్చే బస్సు బోర్డు మీద అక్షరాలు ఎగురుతుంటాయి, ఆగితే కుదురుకుంటాయి. వీరిని చూసి "ఏమీ లేదు, వయసు మీద పడింది" అనేస్తారు.

ఈ రెండు చెవుల నష్టానికి తెలిసిన కారణాల్లో మందులు ముఖ్యమైనవి. క్షయకు వాడిన స్ట్రెప్టోమైసిన్, తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు వాడే జెంటామైసిన్ ప్రాణాలు నిలబెట్టాయి, కొందరిలో చెవిలోని రోమకణాలను తుడిచిపెట్టాయి. స్ట్రెప్టోమైసిన్ వల్ల నిలకడ పోగొట్టుకున్న ఒక అమెరికన్ డాక్టరు 1952లో తన అనుభవాన్ని వైద్య పత్రికలో రాశాడు. మంచం మీద పడుకుని పుస్తకం చదవాలంటే తలను మంచం చువ్వలకు ఆనించి బిగబట్టుకోవలసి వచ్చేదట. ఎందుకంటే గుండె కొట్టుకున్నప్పుడల్లా తల పిసరంత కదిలేది, ఆ పిసరుకే అక్షరాలు గెంతేవి. మనకు చెవి రోజంతా ఎంత చాకిరీ చేస్తోందో నాకు ఏ పాఠ్యపుస్తకం ఇంత బాగా చెప్పలేదు.

ఇప్పుడు కరెంటు దగ్గరికి వద్దాం. ఇది కొత్త సంగతి అనుకునేవారికి ఒక పాత కథ. 1800లో ఇటలీలో వోల్టా బ్యాటరీ కనిపెట్టాడు. కనిపెట్టినవాడు ఊరుకుంటాడా? రెండు లోహపు కడ్డీలు రెండు చెవుల్లో పెట్టుకుని బ్యాటరీ తగిలించుకున్నాడు. తలలో దెబ్బ తగిలినట్టయింది, ఆ తర్వాత ఏదో చిక్కటి ద్రవం ఉడుకుతున్నట్టు చప్పుడు వినిపించింది. మెదడుకు ప్రమాదమేమో అని భయపడి మళ్ళీ ఆ పని చేయలేదు. మీరూ చేయకండి. 1820లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త తలకు అడ్డంగా కరెంటు పంపితే తల తిరుగుతుందని, మనిషి తూలుతాడని రాశాడు. 1871లో బెర్లిన్‌లో హిట్జిగ్ అలాంటి కరెంటుకు కళ్ళు కూడా కదులుతాయని గమనించాడు. విచిత్రం ఏమిటంటే, తల తిరుగుడు పోగొడుతుందని ఇవాళ చెప్పుకుంటున్న ఈ కరెంటును రెండు వందల ఏళ్ళ కిందట తల తిరుగుడు తెప్పించేదానిగానే కనిపెట్టారు.

ఆ తూలుడును చూపించడం తేలిక. మనిషిని పాదాలు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడమంటారు. ఇద్దరు అటూ ఇటూ చేతులు చాపి సిద్ధంగా ఉంటారు. చెవి వెనక గట్టిగా తగిలే ఎముక ఉంది చూడండి, మాస్టాయిడ్ అంటారు, అక్కడ రెండువైపులా ఉప్పునీటిలో తడిపిన స్పాంజి ఎలక్ట్రోడ్లు కట్టి బ్యాటరీతో నడిచే యంత్రం నుంచి ఒక మిల్లీ ఆంపియర్ కరెంటు పంపుతారు. చర్మం చురుక్కుమంటుంది. మరుక్షణం మనిషి ఒక పక్కకు వాలిపోతాడు. ఎప్పుడూ ధన ఎలక్ట్రోడ్ ఉన్న వైపుకే. తీగలు మార్చి కడితే రెండో వైపుకు. అదే మనిషిని తల కుడి భుజం వైపు తిప్పి నిలబడమంటే పక్కలకు కాదు, ముందుకో వెనక్కో తూలుతాడు. కరెంటు కాళ్ళను లాగడం లేదని దీనివల్ల తెలుస్తుంది. తల వాలిపోతోందని మెదడుకు తప్పుడు సమాచారం వెళ్ళింది, కాళ్ళు దాన్ని సరిదిద్దబోయాయి. రుణ ఎలక్ట్రోడ్ ఉన్న వైపు నాడి జోరు పెరుగుతుంది, ధన ఎలక్ట్రోడ్ వైపు తగ్గుతుంది. ఇందాక చెప్పిన తేడా లెక్క, అంతే. 2005లో జపాన్‌లో ఎన్‌టీటీ సంస్థ పరిశోధకులు ఇదే సూత్రంతో నడుస్తున్న మనిషిని రిమోటుతో కుడి ఎడమలకు మళ్ళించి చూపించారు. పత్రికలన్నీ ఆశ్చర్యపోయాయి. నాకు మాత్రం కొంచెం ఒళ్ళు జలదరించింది.

ఒక మిల్లీ ఆంపియర్ ఎంతో తెలియాలంటే, టీవీ రిమోటులో చిన్న ఎర్రదీపం వెలగడానికి కూడా సాధారణంగా అంతకన్నా ఎక్కువే కావాలి. వైద్యులు దీన్ని గాల్వానిక్ వెస్టిబ్యులర్ స్టిమ్యులేషన్ అంటారు. పొడవుగా ఉంది కాబట్టి మనం జీవీఎస్ అని సరిపెట్టుకుందాం. ఇందులో ఇంకో విశేషం. ఈ కరెంటు ప్రధానంగా పట్టుకునేది నాడిని. అంటే మందుల వల్ల రోమకణాలు పోయినవారిలో కూడా నాడి మిగిలి ఉంటే దాన్ని పలికించవచ్చు.

సరే, తూలేలా చేసేది తూలుడును ఎలా తగ్గిస్తుంది? ఇక్కడే నాకు ఈ కథ అన్నిటికన్నా ఇష్టమైన మలుపు తిరుగుతుంది.

1981లో రొబెర్తో బెంజీ అనే ఇటలీ భౌతిక శాస్త్రవేత్త, ఆయన సహచరులు భూమి మీద మంచు యుగాలు ఒక పద్ధతి ప్రకారం ఎందుకు వచ్చి పోతున్నాయని ఆలోచిస్తున్నారు. భూమి కక్ష్యలో వచ్చే మార్పు మరీ బలహీనమైనది, అది ఒక్కటే వాతావరణాన్ని తలకిందులు చేయలేదు. దానికి వాతావరణంలో ఉండే అడ్డదిడ్డమైన ఒడిదుడుకులు తోడైతే గట్టు దాటగలదని వారు లెక్క కట్టారు. బలహీనమైన సంకేతానికి కొంచెం రొద కలిస్తే అది మరుగున పడకుండా పైకి తేలుతుందన్నమాట. స్టొకాస్టిక్ రెజొనెన్స్ అని పేరు పెట్టారు. మంచు యుగాలకు ఆ వివరణ నిలబడిందా లేదా అన్నది వేరే గొడవ. సూత్రం మాత్రం జీవశాస్త్రంలోకి వచ్చిపడింది. 1993లో రొయ్యలకు దూరపు చుట్టమైన క్రేఫిష్ తోక మీది స్పర్శ రోమాల్లో ఇది పనిచేయడం చూశారు. నీటిలో అతి చిన్న కదలికను ఆ నాడి పట్టలేకపోతోంది. కాస్త గజిబిజి కదలిక కలిపితే పట్టింది. మరీ ఎక్కువ కలిపితే మళ్ళీ పోయింది.

పిండి జల్లించేటప్పుడు చూడండి. సన్న జల్లెడలో పిండి పోసి ఊరికే పట్టుకుంటే కిందికి ఏమీ రాలదు. అంచును చేత్తో నెమ్మదిగా తడుతూ ఉంటే రాలుతుంది. గట్టిగా బాదితే పిండి నేలపాలు. చెవి నాడికి ఇచ్చే సన్నని గజిబిజి కరెంటు ఆ చేతి తట్టు లాంటిది. అది ఏ దిక్కూ చెప్పదు. కుడికి వాలమనదు, ఎడమకు వాలమనదు. చెవిలో మిగిలిన కాసిని రోమకణాలు పంపే బలహీనమైన సమాచారం నాడిలో పలికేందుకు కావలసిన కొసరు మాత్రం అందిస్తుంది. అందుకే ఈ పద్ధతిలో కరెంటు మనిషికి తెలియకూడదు. ముందు ఎవరికి ఎంత కరెంటు తెలుస్తుందో కొలిచి, దానికన్నా తక్కువలో పెడతారు. సాధారణంగా అర మిల్లీ ఆంపియర్‌కు లోపే. ఈ సూత్రం చెవికే పరిమితం కాదు. 2003లో బోస్టన్‌లో కొందరు పరిశోధకులు చెప్పుల అట్టల్లో పాదానికి తెలియనంత సన్నని కంపనం పెడితే వృద్ధులు నిలబడినప్పుడు ఊగడం తగ్గిందని చూపించారు.

2014లో టోక్యో విశ్వవిద్యాలయ బృందం ఈ గజిబిజి కరెంటుతో ఆరోగ్యవంతుల్లోనూ, రెండు చెవులూ దెబ్బతిన్నవారిలోనూ చాలామందికి నిలబడినప్పుడు ఊగడం తగ్గిందని ప్రకటించింది. ఆ తర్వాత అదే దేశంలో వృద్ధులకు అరగంట పాటు కరెంటు ఇచ్చి ఆపేస్తే, ఆపిన తర్వాత కూడా కొన్ని గంటలు మెరుగుదల నిలిచిందని రాశారు. అంతవరకు వింటే యంత్రం కొనాలనిపిస్తుంది.

కాస్త ఆగండి. వీటిలో చాలావరకు చిన్న అధ్యయనాలు. ప్రయోగశాలలో పలక మీద కళ్ళు మూసుకుని అర నిమిషం నిలబడటం వేరు, చీకటి పడ్డాక మెట్లు దిగడం వేరు. రోగులు కింద పడటం తగ్గిందా అన్నదే మనకు కావలసిన ప్రశ్న, దానికి పెద్ద ఎత్తున రుజువు ఇంకా రాలేదు. పైగా 2022లో జర్మనీలో మ్యూనిక్ బృందం రెండు చెవులూ దెబ్బతిన్న రోగులను రెండు జట్లుగా చేసింది. అందరికీ నిలకడ వ్యాయామాలు చేయించారు. ఒక జట్టుకు నిజమైన కరెంటు, ఇంకో జట్టుకు ఉత్తుత్తి కరెంటు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి. కరెంటు వల్ల అదనంగా చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. పని చేసింది వ్యాయామం. అలాగని కరెంటును నేను కొట్టిపారేయను. చెవిలో ఎంత మిగిలి ఉంది, ఎంత కరెంటు ఎవరికి సరిపోతుంది, నడుస్తుండగా ఇవ్వాలా ముందే ఇవ్వాలా అన్న ప్రశ్నలు తేలుతున్నకొద్దీ ఇది కొందరికి పనికొస్తుందనే నా నమ్మకం. ఈ వేళకు మాత్రం ఇది పరిశోధనశాల వస్తువు, అంగడి వస్తువు కాదు.

చెవిలో రోమకణాలేవీ మిగలనివారికి తట్టడానికి అసలు పిండే లేదు. వారికోసం ఇంకో దారి వెతుకుతున్నారు. వినికిడి కోసం కాక్లియర్ ఇంప్లాంట్ పెడుతున్నారు కదా, అలాగే అర్ధవర్తుల కుల్యల నాడుల దగ్గర ఎలక్ట్రోడ్లు అమర్చి, తల మీద ఉండే కదలిక కొలమానంతో కలుపుతారు. తల తిరిగితే యంత్రమే నాడికి చెబుతుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 8 మందికి ఇలా అమర్చి, నిలకడ, నడక మెరుగుపడ్డాయని 2021లో ప్రకటించారు. ఆపరేషన్ చేసిన చెవిలో వినికిడి తగ్గే ప్రమాదం ఉంది, అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన హాల్లోకి వద్దాం.

మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు, గోపురం వైపు తల ఎత్తి చూసినప్పుడు, సాష్టాంగ నమస్కారం చేసి లేచినప్పుడు గిర్రున తిరిగి, నిమిషంలోపు ఆగిపోతోందా? అయితే ఇందాక చెప్పిన సున్నపు పలుకులు సంచిలోంచి జారి కుల్యలో పడ్డాయని ముందు అనుమానించాలి. ఈ జబ్బును బీపీపీవీ అంటారు. తల తిరుగుడు రకాల్లో అతి సాధారణమైన వాటిలో ఇది ఒకటి. డాక్టరు మిమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు తిప్పి, వేగంగా వెనక్కి పడుకోబెట్టి కళ్ళు చూస్తారు. కళ్ళు ఒక తీరుగా గింగిరాలు కొడితే జబ్బు పట్టుబడినట్టే. 1952లో వచ్చిన పరీక్ష అది, యంత్రం అక్కర్లేదు. ఆ తర్వాత తలను ఒక వరుసలో తిప్పుతూ, ప్రతి భంగిమలో కాసేపు ఆపుతూ పలుకులను తిరిగి సంచిలోకి జారవిడుస్తారు. అమెరికాలో ఎప్లీ అనే చెవి డాక్టరు ఈ పద్ధతి చెప్పినప్పుడు తోటి డాక్టర్లు చాలాకాలం నమ్మలేదు. ఇప్పుడు ప్రపంచమంతా అదే చేస్తున్నారు. పలుకులు దారి తప్పినవారి చెవికి కరెంటు పెడితే ఏం లాభం? నాడి బాగానే ఉంది, పలుకు ఉన్నచోటే ఉంటుంది.

మన ఊళ్ళలో ఈ జబ్బు చాలామందిలో ఏళ్ళ తరబడి పైత్యంగా చెలామణి అవుతుంది. లేదా ఎక్స్‌రే తీసి, అరవై ఏళ్ళు దాటిన ఎవరి మెడలోనైనా కనిపించే అరుగుదల చూపించి, మెడకు పట్టీ కడతారు. మెడ పట్టీతో పలుకులు వెనక్కి పోవు. తల కదపకుండా ఉండటం అలవాటై మనిషి ఇంకా బిగుసుకుపోతాడు.

పడుకుని లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్మితే అది చెవి కాదు, రక్తపోటు పడిపోవడం. బీపీ మాత్రల మోతాదు చూపించుకోండి. షుగరు ఉండి, అరికాళ్ళు మొద్దుబారి తూలుతుంటే దోషం పాదాల నరాలది. ఇక ఉన్నట్టుండి తల తిరుగుడుతోపాటు మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనబడటం, ఒక పక్క చేయి పట్టు తప్పడం, నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది పక్షవాతం కావచ్చు. నిమ్మకాయ నీళ్ళు ఇచ్చి పడుకోబెట్టకండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా చెప్పే గడువు నాలుగున్నర గంటలు. స్కాను తీసే పెద్దాసుపత్రికి వెంటనే వెళ్ళాలి.

మాత్రల గురించి ఒక మాట. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి వాంతులు, గిర్రున తిరగడం తీవ్రంగా ఉన్న మొదటి రెండు మూడు రోజులకు మంచి మందులే. కానీ వాటిని నెలల తరబడి మందుల షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకుని మింగుతున్నవారు మన మధ్యే ఉన్నారు. అవి మెదడును మందగింపజేస్తాయి. కొత్త లెక్కకు అలవాటు పడవలసిన మెదడు ఆ పాఠం నేర్చుకోదు. పెద్ద వయసువారిలో చేతులు వణకడం, నడక బిగుసుకోవడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు కూడా తేవచ్చు. అప్పుడు దానికి ఇంకో మాత్ర. ఈ గొలుసు చూస్తే నాకు కోపం వస్తుంది.

క్యాలెండరు మాట అన్నాను కదా. చెవి దెబ్బతిన్నదని డాక్టరు తేల్చినవారు చేసే వ్యాయామాల్లో మొదటిది ఇది. చాలా ఇళ్ళలో గోడ మీద టీటీడీ క్యాలెండరు ఉంటుంది. దానికి ఒక బారెడు దూరంలో నిలబడండి, మొదట్లో కుర్చీలో కూర్చున్నా సరే. ఏదో ఒక తేదీ అంకె మీద చూపు నిలపండి. అంకె మసకబారనంత వేగంతో తలను కుడి ఎడమలకు తిప్పండి, ఒక నిమిషం. ఆగండి. తర్వాత పైకీ కిందికీ. అంకె కొంచెం ఎగరబోతున్నట్టు అనిపించే వేగం దగ్గరే మెదడు నేర్చుకుంటుంది. మరీ సులువుగా చేస్తే లాభం లేదు, వాంతి వచ్చేంత చేసినా లాభం లేదు. రోజుకు మూడు నాలుగు సార్లు, కొన్ని వారాలు. తర్వాత నిలబడి, ఆ తర్వాత పరుపు మీద నిలబడి, ఆపైన నడుస్తూ. పక్కన మనిషి ఉండాలి. ఇలాంటి కసరత్తులు 1940లలో ఇంగ్లండులో కాథోర్న్, కుక్సీ అనే ఇద్దరు వైద్యులు తలకు గాయాలైనవారికోసం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాటిని మించిన యంత్రం రాలేదు. విసుగు పుట్టించే వైద్యం, అందుకే దానికి వీడియో ప్రకటనలు లేవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 6,84,000 మంది కింద పడటం వల్ల చనిపోతున్నారు. అందుకే తూలుడును వయసు ఖాతాలో రాసి వదిలేయకండి అంటున్నాను.

చీటీల మీద ప్రశ్నలు వచ్చాయి. చదువుతాను.

"యంత్రం ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరుకుతోంది, వాడి చూస్తే నష్టమేమిటి?" నష్టం ఉంది. స్పాంజి ఆరిపోయి కరెంటు ఒకేచోట దిగితే చర్మం కాలుతుంది. ఇంట్లో ఒంటరిగా నిలబడి పెట్టుకుంటే తూలి పడవచ్చు. తుంటి ఎముక విరుగుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు, చెవిలో ఇంప్లాంట్ లేదా తలలో లోహం ఉన్నవారు దాని జోలికే పోకూడదు. కండరాల నొప్పులకు వాడే కరెంటు యంత్రం ఇంట్లో ఉంది కదా అని దాని బిళ్ళలు చెవి వెనక అంటించుకునేవారు కూడా ఉంటారు. దాని కరెంటు తీరు వేరు, మోతాదు వేరు. వద్దు.

"కొండ మీదికి బస్సులో వెళితే మా మనవరాలికి ప్రతిసారీ వాంతులు, దీనికి కరెంటు పనిచేస్తుందా?" ప్రయోగాలు జరుగుతున్నాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో చెవి తిరుగుతున్నామంటుంది, ఎదుటి సీటు వీపు చూస్తున్న కళ్ళు తిరగడం లేదంటాయి, ఆ పేచీ వల్ల వచ్చే వికారం అది. పాపను ముందు సీట్లో కూర్చోబెట్టి రోడ్డు చూడమనండి. ఫోను చేతికివ్వకండి.

"నాకు తల తిరుగుడు లేదు, అలిపిరి మెట్లు ఎక్కగలను, దిగడం మాత్రం భయం." మోకాళ్ళు చూపించుకోండి, కళ్ళద్దాలూ చూపించుకోండి. దూరానికీ దగ్గరికీ కలిపి ఉన్న అద్దాలతో దిగితే మెట్టు అంచు మసకగా కనబడుతుంది. దూరానికి మాత్రమే చేయించిన అద్దాలు పెట్టుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది. అయినా భయం పోకపోతే చెవి పరీక్ష.

చివరి చీటీ. "ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?" మొదట మీ మామూలు డాక్టరు. నిలబెట్టీ పడుకోబెట్టీ రెండుసార్లు బీపీ చూడమని అడగండి. ఆ తర్వాత చెవి ముక్కు గొంతు డాక్టరు, అవసరమైతే నరాల డాక్టరు. వెళ్ళేటప్పుడు మీరు మింగే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి, పేర్లు గుర్తుండవు. తల తిరిగినప్పుడు ఏం చేస్తున్నారు, ఎంతసేపు ఉంది, చెవి వినికిడి తగ్గిందా అన్నది కాగితం మీద రాసుకోండి. వీలైతే ఆ సమయంలో మీ కళ్ళను ఇంట్లోవారిచేత ఫోనులో వీడియో తీయించండి. డాక్టరు ముందు ఆ తిరుగుడు చాలాసార్లు రాదు, వీడియోలో కళ్ళు కదిలిన తీరు చూస్తే సగం పని అయిపోతుంది.